హైదరాబాద్‌లో మౌంటెన్ బైకింగ్: గుట్ట కంటే గుట్ట దాకా వెళ్లే రోడ్డుకే ఎక్కువ భయపడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నల్లగండ్లలో ఉంటారు, వయసు ముప్పై ఆరు, రెండు నెలల కింద హార్డ్‌టెయిల్ ఎంటీబీ (ముందు చక్రానికి మాత్రమే సస్పెన్షన్ ఉండే మౌంటెన్ బైక్) కొన్నారు. ఇప్పటిదాకా ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ కప్పు ఉన్న సైకిల్ ట్రాక్ మీదే తొక్కారు. ఇక మట్టి దారులు, గుట్టలు చూడాలని ఉంది. "పిల్లల తండ్రివి, రాళ్ల మీద సైకిలేంట్రా" అని అమ్మగారు గొడవ చేస్తున్నారు. ఎక్కడికి వెళ్లాలి, ఎంత ప్రమాదం, మీ ఆవిడ కూడా వస్తానంటున్నారు, తీసుకెళ్లొచ్చా అని.

నేను ఈ ఊళ్లో పద్నాలుగేళ్లుగా మట్టిలో తొక్కుతున్నాను. లెక్కలేనన్ని సార్లు పడ్డాను, ఒక్కసారి ఎముక విరిగింది. అయినా నిజంగా ప్రాణం మీదకొచ్చింది అనిపించిన రెండు సందర్భాలూ తారు రోడ్డు మీదే జరిగాయి. గుట్టకు వెళ్తుంటే ఒకటి, తిరిగొస్తుంటే ఒకటి. మట్టి దారిలో మన స్పీడు గంటకు పది, పన్నెండు కిలోమీటర్లు దాటదు. పడితే మోచేయి గీసుకుపోతుంది, మోకాలు చీరుకుంటుంది. రోడ్డు మీద అలా కాదు, మన స్పీడు ఎంతయినా వెనక వచ్చే టిప్పర్ స్పీడే లెక్క. అమ్మగారి భయంలో తప్పు లేదు, కాకపోతే ఆమె రాళ్లను చూసి భయపడుతున్నారు, భయపడాల్సింది రోడ్డును చూసి. అందుకే ముందు రోడ్డు సంగతి మాట్లాడుకుందాం.

మీకున్న అదృష్టం ఆ సైకిల్ ట్రాకే. 2023 అక్టోబర్‌లో తెరిచిన ఆ 23 కిలోమీటర్ల ట్రాకును చాలామంది అటూ ఇటూ తొక్కి ఇంటికి పోయే జిమ్ములా వాడుతున్నారు. నేనైతే దాన్ని మట్టి దారికి చేర్చే రోడ్డులా వాడతాను. నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఒక ముక్క, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఇంకో ముక్క. పోలీస్ అకాడమీ వైపు చివర దిగితే గండిపేట, హిమాయత్‌సాగర్ పల్లెలు దగ్గర. కొల్లూరు వైపు దిగితే శంకర్‌పల్లి వైపు పొలం దారులు దొరుకుతాయి. అంటే మీ ప్రయాణంలో సగానికి పైగా బండ్లతో పని లేకుండా గడిచిపోతుంది. ఓఆర్ఆర్ మెయిన్ రోడ్డు ఎక్కే ఆలోచన మాత్రం కలలో కూడా వద్దు. అక్కడ సైకిళ్లకే కాదు, మోటారు సైకిళ్లకు కూడా అనుమతి లేదు.

మిగతా ముక్కలో, అంటే సర్వీసు రోడ్డు మీద, నన్ను ఎక్కువ భయపెట్టేది ఎదురుగా రాంగ్ రూట్లో వచ్చే బండి. అది మన ఎడమ అంచునే, నేరుగా మన మీదకే వస్తుంది. వాణ్ని తప్పించుకోవడానికి కుడికి జరిగితే వెనక మిక్సర్ లారీ ఉంటుంది. ఇలాంటప్పుడు నేను చేసేది ఒకటే, ఆగిపోతాను. ఎడమ కాలు కిందపెట్టి, వాడు పోయాక కదులుతాను. పరువు తక్కువేమీ కాదు. రోడ్డు అంచుకి మరీ అతుక్కుని తొక్కొద్దు, కనీసం ఒక మీటరు వదలండి. అంచున ఇసుక, గాజు పెంకులు, మూత లేని డ్రెయిన్లు, ఆగిన కారు ఉన్నట్టుండి తెరిచే డోరు, అన్నీ ఉంటాయి. పైగా మీరు అంచున ఉన్నారంటే వెనకవాడు "సందు ఉంది కదా" అని ఒరుసుకుంటూ పోతాడు.

వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలగాలి. డిసెంబర్, జనవరిలో పొద్దున ఆరుంబావు దాకా సరిగ్గా తెల్లారదు. చెరువుల పక్కన పొగమంచు వేరే. హెల్మెట్ గురించి మీరు అడగలేదంటే ఉందనే అనుకుంటున్నాను. లేకపోతే ఈ సమాధానం ఇక్కడే ఆపి కొనుక్కొచ్చి మిగతాది చదవండి.

చేవెళ్ల రోడ్డు గురించి ఒక మాట. బీజాపూర్ హైవే మీద రెండు పక్కలా వందలాది పాత మర్రిచెట్లు ఉంటాయి. ఫోటోల్లో చూస్తే సైకిల్ మీద పోవాలనిపిస్తుంది. ఆ నీడ చూసి మోసపోవద్దు. ఇరుకు రోడ్డు, కంకర టిప్పర్లు, బస్సులు, శని ఆదివారాల్లో ఫామ్‌హౌస్‌లకు పోయే కార్లు. ఆ పక్కకు వెళ్లాలంటే సైకిల్ కారు వెనక తగిలించుకుని పోయి, పల్లె దారి దగ్గర దించుకోండి. రెండు నుంచి ఐదు వేలల్లో పట్టీలతో కట్టుకునే ర్యాక్ దొరుకుతుంది. గుట్ట దాకా తొక్కుకుంటూ పోతేనే నిజమైన సైక్లిస్టు అనేవాళ్లు ఉంటారు, వాళ్ల మాట వినొద్దు.

ఇక నేల సంగతి. మన దగ్గర మట్టి దారంటే మూడు రకాలు. మొదటిది గుట్టల గ్రానైటు. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి అంటారు. పొడిగా ఉన్నప్పుడు టైరుకి ఆ బండ ఇచ్చినంత పట్టు ఇంకేదీ ఇవ్వదు. భయంగా కనబడే ఏటవాలు బండ మీద కూడా సైకిల్ అతుక్కుని దిగుతుంది. కానీ ఆ రాయే విరిగి, అరిగి మొరం అవుతుంది. ఆ మొరం గింజలు బండ మీద పలుచగా పరుచుకుని ఉంటే మాత్రం గోలీల మీద నడిచినట్టే. మన ఊళ్లో ఎంటీబీ వాళ్లు పడేది తొంభై శాతం ఇక్కడే అని నా అనుభవం. పెద్ద రాయి కనబడుతుంది కాబట్టి జాగ్రత్త పడతాం, గింజలు కనబడవు. వానకు తడిసిన బండ మీద నల్లగా, పచ్చగా పాకుడు పట్టి ఉంటే సైకిల్ దిగి నడవండి.

రెండోది గండిపేట, మొయినాబాద్ పక్కల ఎర్రమట్టి, మొరం దారులు. నేర్చుకునేవాళ్లకు ఇదే బడి. మూడోది శంకర్‌పల్లి, చేవెళ్ల దాటాక వచ్చే నల్లరేగడి. వేసవిలో అది సిమెంటు. వాన పడ్డాక రెండు రోజులు దాని జోలికి పోవద్దు. మట్టి టైరుకి, చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకి మధ్య కూరుకుని చక్రం తిరగడమే మానేస్తుంది. ఒకసారి ఆగస్టులో నేనూ నా మిత్రుడూ సైకిళ్లను భుజాన వేసుకుని మూడు కిలోమీటర్లు నడిచాం. పత్తి చేలో పని చేస్తున్న ఒకామె చూసి "మీరు దాన్ని ఎక్కుతరా, అది మిమ్మల్ని ఎక్కుతదా" అని నవ్వింది.

టైర్లో గాలి ఎంత ఉండాలన్నది చాలామంది పట్టించుకోరు. షాపువాడు 45, 50 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టి ఇస్తాడు, అది తారు రోడ్డుకి. మీ బరువు 75 కిలోల లోపు ఉంటే, ట్యూబు టైరుకి వెనక 30, ముందు 27 దగ్గర మొదలుపెట్టండి. తర్వాత ట్యూబ్‌లెస్‌కి మారితే ఇంకో నాలుగైదు తగ్గించొచ్చు. టైరు నొక్కుకుపోయి రాయి రిమ్ముకి కొట్టుకుంటున్న చప్పుడు వస్తే రెండు పెంచండి. పెట్రోల్ బంకులో గాలి మీటర్లు ఇంత తక్కువ దగ్గర సరిగ్గా చూపించవు, గేజ్ ఉన్న ఫుట్ పంపు ఇంట్లో ఉండాలి. ఈ ఒక్క మార్పుతోనే "నా సైకిల్ జారడం మానేసింది" అని ఆశ్చర్యపోయినవాళ్లను చూశాను.

బ్రేకుల సంగతి ఇంకా ముఖ్యం. ఇక్కడ అమ్మే సైకిళ్లలో ఎక్కువ వాటికి కుడి చేతి లివర్ ముందు బ్రేకు. కొన్నింటికి, ముఖ్యంగా బయట దేశాల నుంచి తెచ్చినవాటికీ, సెకండ్ హ్యాండ్ వాటికీ తిరగేసి ఉంటుంది. మీదానికి ఏది ఏదో ఇంటి ముందే చూసుకోండి, ఇంకొకరి సైకిల్ ఎక్కేటప్పుడు మళ్లీ చూసుకోండి. దిగుడులో భయమేసి గట్టిగా పట్టేది బలమైన చేతి లివరే, అది ముందు చక్రాన్ని బిగిస్తే తల మీదుగా ఎగిరి పడతారు. ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే కాబట్టి దాన్ని వదిలేయమని కాదు. ఒక వేలితో, కొద్దికొద్దిగా, చక్రం తిన్నగా ఉన్నప్పుడు నొక్కాలి. మలుపులోకి వెళ్లాక కాదు, మలుపుకి ముందే స్పీడు తగ్గించుకోవాలి.

దిగేటప్పుడు సీటు మీద కూర్చోవద్దు. రెండు పెడళ్లూ సమానంగా, మోకాళ్లు కొంచెం వంచి, మోచేతులు బయటికి, నడుము వెనక్కి. సీటు రెండు మూడు అంగుళాలు కిందకి దించండి, డ్రాపర్ పోస్టు (మీట నొక్కితే సీటు దిగే రాడ్డు) లేకపోయినా చేత్తో దించుకోవచ్చు. చూపు ముందు చక్రం మీద కాదు, ఐదారు మీటర్ల ముందు. ఏ రాయిని చూస్తూ "దీనికి తగలొద్దు, తగలొద్దు" అనుకుంటామో సైకిల్ సరిగ్గా దానికే పోయి తగులుతుంది. కొత్త దిగుడు ఏదైనా సరే, ముందు నడిచి దిగి చూసి, వెనక్కెక్కి, అప్పుడు తొక్కండి. నేను ఇప్పటికీ అంతే.

నా ఎముక విరిగిన కథ చెప్తాను, మీకు పనికొస్తుంది. ఖాజాగూడ గుట్టల్లో, పెద్ద దిగుడంతా బాగానే దిగి, కింద చదునుగా ఉన్నచోట మొరం మీద ముందు చక్రం జారింది. అరచేయి నేలకు ఆనించి పడ్డాను. మణికట్టు కొంచెం వాచింది. ఒక క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి, ఏమీ లేదు, బెణుకు అన్నారు. రెండు వారాలు నొప్పి మాత్రలతో నెట్టాను. బ్రేకు పట్టినప్పుడల్లా ప్రాణం పోతుంటే ఇంకో డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన ఉండే చిన్న గుంటలో వేలుపెట్టి నొక్కాడు. అరిచాను. స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగిందట. అది మొదటి ఎక్స్‌రేలో కనబడకపోవడం మామూలేనట. రక్తం సరిగ్గా అందని ఎముక కాబట్టి వదిలేస్తే అతుక్కోదట. మూడు నెలలు కట్టు. కాబట్టి చెయ్యి ఆనించి పడి, ఆ గుంటలో నొప్పి ఉంటే, ఎక్స్‌రే బాగుందన్నా సరే పది రోజులకు మళ్లీ చూపించుకోండి. పడేటప్పుడు చెయ్యి చాచకుండా భుజం మీదుగా దొర్లాలని చెప్తారు కానీ ఆ క్షణంలో ఎవరికి గుర్తుంటుంది? గ్లవ్స్ మాత్రం వేసుకోండి.

ఎక్కడికి వెళ్లాలంటే, మొదటి రెండు నెలలు గండిపేట, హిమాయత్‌సాగర్ చుట్టుపక్కల పల్లె దారులు చాలు. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన చెరువులు ఇవి, గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వీటి చుట్టూ పది కిలోమీటర్ల మేర పెద్ద కట్టడాలకు 1996 నాటి 111 జీవో అడ్డుపడింది. ఐటీ ఆఫీసులకు అరగంట దూరంలో ఇంకా పొలం గట్లు, మట్టి బాటలు మిగిలాయంటే చాలావరకు దాని పుణ్యమే. 2022లో ఆ ఆంక్షలు సడలిస్తూ ఇంకో జీవో వచ్చింది. ఏటా ఒకటో రెండో దారులు వెంచర్ గోడల వెనక్కి పోతున్నాయి. నిరుడు తొక్కిన దారి ఈసారి ఉంటుందని నమ్మకం లేదు, ఫోన్ మ్యాపు చూసుకుని కళ్లు మూసుకుని పోవద్దు.

వెంచర్లంటే గుర్తొచ్చింది. సగంలో ఆగిపోయిన లేఅవుట్ రోడ్లు ఖాళీగా, వెడల్పుగా ఉండి స్పీడుగా తొక్కమని పిలుస్తాయి. మూతలు లేని మ్యాన్‌హోళ్లు, గడ్డిలో దాక్కున్న ఇనప చువ్వలు, దారికి అడ్డంగా కట్టిన ముళ్లతీగ, ఇవన్నీ అక్కడే ఉంటాయి. ముళ్లతీగ పొద్దున ఎదురెండలో అస్సలు కనబడదు. పాత క్వారీ గుంతలు ఇంకా దారుణం, దారి నేరుగా అంచు దాకా పోయి ఆగిపోతుంది. కింద నీళ్లు. తెలియని చోట మొదటిసారి నడక స్పీడు దాటొద్దు.

ఖాజాగూడ గుట్టలు మీకు దగ్గరే కానీ వెంటనే పోవద్దు, చేయి తిరిగాక వెళ్లండి. అక్కడ దర్గా ఉంది, గుడి ఉంది, బండలెక్కేవాళ్లు, నడిచేవాళ్లు ఉంటారు. వాళ్లు కనబడితే మనమే ఆగాలి. సాయంత్రం మాత్రం వద్దు. బండల చాటున మందు బ్యాచ్‌లు, పొద్దున మనకు మిగిలేది వాళ్ల సీసా పెంకులు. వికారాబాద్ పక్క అనంతగిరి సంగతి వేరు. సిటీ నుంచి 75, 80 కిలోమీటర్లు, ఎర్రమట్టి, చెట్ల నీడ, పొడవాటి దిగుళ్లు. అది రిజర్వ్ ఫారెస్ట్ కాబట్టి లోపలి బాటల్లోకి పోయే ముందు అటవీ శాఖ వాళ్లను అడగండి. అడిగితే చాలాసార్లు మర్యాదగానే దారి చెప్తారు, అడక్కుండా పోయి దొరికితే మాత్రం రోజంతా పోతుంది.

కేబీఆర్ పార్కు, చిలుకూరు మృగవని నేషనల్ పార్కులు, సైకిల్ లోపలికి తీసుకెళ్లే ఆలోచన వద్దు. సెంట్రల్ యూనివర్సిటీ పక్క కంచ గచ్చిబౌలి భూముల్లో ఒకప్పుడు మంచి బాటలు ఉండేవి. 2025 ఏప్రిల్‌లో అక్కడ చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపించినప్పటి నుంచి అందరి కళ్లూ దాని మీదే ఉన్నాయి, దూరంగా ఉండండి. మిలిటరీ బోర్డు కనబడితే వెనక్కి తిరగడమే.

కుక్కల గురించి ప్రతి ఒక్కరూ అడుగుతారు. కుక్క తరిమేది మనిషిని కాదు, కదిలే చక్రాన్ని. పారిపోవాలని స్పీడు పెంచితే అది గెలుస్తుంది. ఆగి, దిగి, సైకిల్‌ని మీకూ దానికీ మధ్య అడ్డం పెట్టి మెల్లగా నడవండి. పదిలో తొమ్మిది సార్లు దానికి ఆట పోయి వెనక్కెళ్తుంది. చికెన్ సెంటర్ల దగ్గర గుంపులుగా ఉంటాయి, ఆ నాలుగడుగులు ముందే దిగి నడవండి. పన్ను గీరినా చాలు, సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు టీకా మొదలుపెట్టండి. రక్తం వస్తే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయాలి, డాక్టరు మర్చిపోతే మీరే అడగండి. నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో కుక్కకాటు టీకా వేస్తారు. "పెంపుడు కుక్కే కదా" అనే లెక్కలు వద్దు.

పాములు అనుకున్నంతగా ఎదురవ్వవు. చక్రం చప్పుడుకే పోతాయి. రక్తపింజర మాత్రం కదలదు, ఎండుటాకుల రంగులో పడి ఉంటుంది. మూత్రానికి పొదల్లోకి పోయేటప్పుడు, పడిపోయిన బాటిల్ తీసుకునేటప్పుడు జాగ్రత్త. కాటేస్తే తాడు కట్టడం, కోయడం, నాటు మందు, ఏవీ వద్దు. కదలకుండా కూర్చుని 108కి ఫోన్ చేయాలి. శంషాబాద్, పటాన్‌చెరు పక్క అప్పుడప్పుడూ చిరుత కనబడిన వార్తలు వస్తుంటాయి, ఆ వారం అటు పోకపోతే సరి. పెద్ద బండల కింద తేనెపట్టు ఉంటే అక్కడ కేకలు, స్పీకర్లో పాటలు వద్దు.

అసలు మన దగ్గర రోజూ పలకరించే శత్రువు సర్కారు తుమ్మ ముల్లు. దాని తర్వాత పల్లేరు కాయ. ట్యూబు మార్చేటప్పుడు టైరు లోపల గుడ్డతో ఒక చుట్టు తుడవండి, వేలితో తడమొద్దు. విరిగిన ముల్లు మొన లోపలే ఉంటే కొత్త ట్యూబు కూడా పది నిమిషాల్లో పోతుంది. ఆర్నెల్లు తొక్కాక మీకు ఈ సరదా నిలబడిందని అనిపిస్తే, మొదటి ఖర్చు ట్యూబ్‌లెస్, సీలెంట్ (టైరు లోపల పోసే, చిన్న రంధ్రాలు మూసే ద్రవం) మీద పెట్టండి. ఇంకో సైకిల్ కొనే ఆలోచన తర్వాత.

సంక్రాంతికి ముందు ఒక నెల మెడకు బఫ్ (గొట్టంలా ఉండే మెడ గుడ్డ) చుట్టుకోండి, జిప్పు ఉన్న జాకెట్ అయితే పైదాకా వేసుకోండి. నైలాన్ మాంజాకు నిషేధం ఉన్నా తెగిన దారాలు చెట్లకు, కరెంటు స్తంభాలకు వేలాడుతూనే ఉంటాయి. నాకు ఒకసారి ముక్కు మీద గీత పడింది, రెండు అంగుళాలు కిందైతే ఏమయ్యేదో. ఇది నవ్వులాట కాదు. ఇక మార్చి నుంచి జూన్ దాకా ఐదున్నరకు బయల్దేరి ఎనిమిదిన్నరకల్లా ఇంట్లో ఉండండి. బండలు వేడెక్కాక నీడ కూడా కాలుతుంది. గంటకు ముప్పావు లీటరు నీళ్లు తాగండి, ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ వెంట ఉంచుకోండి. చెమట ఆగిపోయి ఒళ్లు జలదరిస్తే అది చల్లబడటం కాదు, వడదెబ్బ మొదలవుతోందని అర్థం. అక్కడే ఆగి నీడలో పడుకుని నీళ్లు తల మీద పోసుకోండి.

మీ ఆవిడ సంగతి. తప్పకుండా తీసుకెళ్లండి, కానీ మీ సైకిల్ మీద కాదు. సీటు ఎత్తు, హ్యాండిల్ దూరం సరిపోని సైకిల్ మీద మట్టిలోకి తీసుకెళ్తే మొదటి రోజే ఆమెకు విరక్తి పుడుతుంది. ఆమె ఎత్తుకు సరిపోయేది ఒక రోజుకి అద్దెకు తెచ్చి చూడండి. ఇంకోటి, మీరు నేర్పొద్దు. నేను మా ఆవిడకు నేర్పబోయి ఒక ఆదివారం మొత్తం మాటల్లేకుండా గడిపాం. ఆడవాళ్లు కూడా వచ్చే ఏదైనా గ్రూపుతో మొదటి నాలుగైదు రైడ్లు చేయించండి. ఆమె ఒంటరిగా గుట్టల్లోకి వెళ్లొద్దు అంటున్నానంటే, అది ఆమె ఆడమనిషి అని కాదు, మీకూ నాకూ అదే మాట. పడి లేవలేకపోతే ఫోన్ చేయడానికి ఇంకొకరు ఉండాలి, అంతే. ముగ్గురైతే ఇంకా మంచిది, ఒకరు దెబ్బ తగిలినవాళ్ల దగ్గర, ఒకరు సాయానికి. బయల్దేరేటప్పుడు వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ ఇంట్లోవాళ్లకు పెట్టండి. గుట్టల మధ్య కొన్ని చోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి "తొమ్మిదిన్నర దాకా ఫోన్ రాకపోతే ఫలానా చోటికి రండి" అని నోటితో కూడా చెప్పి వెళ్లండి.

బ్యాగులో నాకు ఎప్పుడూ ఉండేవి: ఒక ట్యూబు, చిన్న పంపు, టైరు లివర్లు, మల్టీటూల్, చెయిన్ లింకు, క్రేప్ బ్యాండేజి, బెటాడిన్, ఐదు వందల నోటు. నోటు ఎందుకంటే ఫోన్ పగిలిన రోజు యూపీఐ పనిచేయదు. జేబులో ఒక చీటీ మీద బ్లడ్ గ్రూపు, ఇంటి నంబరు. వానాకాలం రైడ్ తర్వాత బైక్ వాష్ షాపులో ప్రెషర్ నీళ్లతో కొట్టించొద్దు, బేరింగుల్లోకి నీరు పోతుంది. బకెట్, మగ్గు, పాత టూత్‌బ్రష్ చాలు. చెయిన్‌కి కొబ్బరి నూనె వేసేవాళ్లను చూశాను, మొరం దుమ్ము పట్టి చెయిన్ తొందరగా అరిగిపోతుంది.

పల్లెల్లో జనంతో ఇబ్బందేమీ ఉండదు. "ఎంత వడ్డదన్నా, గేర్లెన్ని" అని అడుగుతారు, ఆగి చెప్పండి. మేకల మంద ఎదురైతే దిగండి. చేలో అడ్డంగా పడి పోవద్దు, గట్టు మీదే పోండి, అదీ తడిగా ఉంటే వద్దు. గేటు మూసి ఉంటే మళ్లీ మూసే వెళ్లాలి. ఒక్కరు గొడవ పెట్టుకుని వస్తే ఆ దారి తర్వాత ఎవరికీ ఉండదు, నాకు తెలిసి అలా రెండు దారులు పోయాయి.

అమ్మగారికి ఏం చెప్పాలో నాకు తెలీదు. మా అమ్మకి నేను చెప్పి ఒప్పించలేకపోయాను. ఒక ఆదివారం కారులో ఎక్కించుకుని గండిపేట పక్క పల్లెకు తీసుకెళ్లాను. చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చుని, నేను గంటకు ఎనిమిది కిలోమీటర్ల స్పీడుతో మొరం దిబ్బ ఎక్కలేక ఆయాసపడుతుంటే చూసింది. "దీనికా నేను ఇన్నాళ్లు దేవుడికి మొక్కింది" అంది. అప్పట్నుంచి రోడ్డు దాటేటప్పుడు జాగ్రత్త అని మాత్రమే అంటుంది.